జ్వరం తగ్గిందంటే బెరడు ఏ పని చేసినట్టు?

ఎడ్వర్డ్ స్టోన్ అనే ఆంగ్ల మతాచార్యుడు 1758లో విల్లో చెట్టు బెరడు ముక్క ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు. విపరీతమైన చేదు. అప్పట్లో చలిజ్వరానికి దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చే సింకోనా బెరడు కూడా అంతే చేదుగా ఉండేది. అదీ చేదే, ఇదీ చేదే కాబట్టి ఇది కూడా జ్వరానికి పనిచేయవచ్చని ఆయన ఊహించాడు. దానికి మరో తర్కం తోడయింది. చలిజ్వరాలు తేమ నేలల్లో ఎక్కువ, విల్లో కూడా తేమ నేలల్లోనే పెరుగుతుంది, కనుక జబ్బు పుట్టే చోటే దాని మందు కూడా ఉండి తీరాలి. బెరడును నెలల తరబడి ఎండబెట్టి, పొడి కొట్టి, సుమారు యాభై మంది జ్వరపీడితులకు నాలుగు గంటలకొకసారి నీళ్లలో కలిపి ఇచ్చాడు. చాలామందికి జ్వరం తగ్గింది. 1763లో ఈ సంగతంతా లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరంలో రాసి పంపాడు.

ఆయన చెప్పుకున్న కారణాలు రెండూ తప్పు. ఫలితం మాత్రం సగం నిజం. ఆ సగం ఏమిటో ఆయన ఉత్తరంలోనే దాగి ఉంది. కొన్ని మొండి జ్వరాలకు విల్లో ఒక్కటే చాలలేదని, అయిదో వంతు సింకోనా పొడి కలిపి ఇచ్చాక అవి లొంగాయని స్టోన్ నిజాయితీగా రాశాడు. అప్పటికి మలేరియాకు కారణమేమిటో ఎవరికీ తెలియదు కనుక ఆ వాక్యం విలువ అప్పుడు తేలలేదు. సింకోనాలోని క్వినైన్‌ను 1820లో పెల్లెటియర్, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచి రసాయనవేత్తలు వేరుచేశారు. ఎర్ర రక్తకణాల్లో చేరిన మలేరియా పరాన్నజీవిని క్వినైన్ చంపుతుంది. పరాన్నజీవి పోతే జ్వరమూ పోతుంది. విల్లో బెరడుకు ఆ పరాన్నజీవి మీద అలాంటి శక్తి లేదు. అది ఒంటి వేడిని దించుతుంది, అంతే. వేడి దిగినా మలేరియా లోపల అలాగే ఉంటుంది.

మంచం మీదున్న మనిషికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండూ చేదు పొడులే, రెండూ మింగాక ఒళ్లు చల్లబడుతుంది. కానీ ఒకటి జబ్బును తీసేసింది, మరొకటి జబ్బు లక్షణాన్ని తీసేసింది. జ్వరానికీ నొప్పికీ మొక్కల మందులంటూ నడిచే వాదనల్లో చిక్కుముడి ఇక్కడే పడుతుంది. ‘ఈ ఆకు జ్వరానికి పనిచేస్తుందా?’ అనే ప్రశ్నను విడదీయకుండా అవుననో కాదనో చెప్పేవారిని నేను నమ్మను. అది ఒక ప్రశ్న కాదు, నాలుగైదు ప్రశ్నల మూట.

వేడి ఎక్కడ పెరుగుతుంది?

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించేది అదే. గదిని చల్లబరిచే యంత్రానికి మనం ఇన్ని డిగ్రీలని అంకె పెట్టినట్టు, అది శరీరానికి 37 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఒక అంకె పెట్టి ఉంచుతుంది. సూక్ష్మజీవులు ఒంట్లో చేరినప్పుడు రక్షణ కణాలు ఇంటర్‌ల్యూకిన్ల వంటి సంకేత పదార్థాలను రక్తంలోకి వదులుతాయి. అవి మెదడు రక్తనాళాల దగ్గరకు చేరి, ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం తయారయ్యేలా చేస్తాయి. ఈ ప్రోస్టాగ్లాండిన్ హైపోథాలమస్‌లోని అంకెను 39కో 40కో జరుపుతుంది. అప్పటికి ఒళ్లు ఇంకా 37 దగ్గరే ఉంటుంది కాబట్టి మెదడు లెక్కలో అది ‘చలి’. అందుకే జ్వరం ఎక్కేటప్పుడు వణుకు పుడుతుంది, దుప్పటి కావాలనిపిస్తుంది. అంకె తిరిగి కిందికి దిగాక అదే ఒళ్లు మెదడుకు మరీ వేడిగా అనిపిస్తుంది. అప్పుడు చెమట పడుతుంది.

చెమట పట్టాక జ్వరం దిగుతుందని అందరికీ అనుభవమే. అందుచేత చెమట పట్టించే కషాయమేదైనా జ్వరానికి మందే అవుతుందని చాలా సంస్కృతుల్లో నమ్మకం ఏర్పడింది. వరస తారుమారయింది. చాలావరకు అంకె దిగినందువల్ల చెమట పడుతుంది గాని, చెమట పట్టినందువల్ల అంకె దిగదు. అంకె ఇంకా పైనే ఉన్నప్పుడు వేడి వేడి కషాయం తాగి, దుప్పట్లు కప్పుకుని బలవంతంగా చెమట కక్కిస్తే నీరు నష్టపోతాం. మెదడు మాత్రం కాసేపట్లో వేడిని మళ్లీ అక్కడికే తెస్తుంది. కషాయం తాగినందువల్ల దక్కే అసలు లాభం చాలాసార్లు అందులోని నీళ్లే. ఇది వెటకారం కాదు. జ్వరంలో ఒంటి వేడి ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ శరీరం ఖర్చుపెట్టే శక్తి సుమారు పది శాతం పెరుగుతుంది, నీటి అవసరమూ పెరుగుతుంది.

ఎండదెబ్బ సంగతి వేరు. అందులో హైపోథాలమస్ అంకెను మార్చలేదు. బయటి వేడికి శరీరం ఓడిపోయింది. దానికి ఏ బెరడూ, ఏ ఆకూ, ఏ మాత్రా పనిచేయవు. ఒంటిని నీళ్లతో, గాలితో, మంచుతో చల్లబరచడమే వైద్యం.

ఇక నొప్పి. దెబ్బ తగిలిన చోట, వాచిన కీలులో తయారయ్యేది కూడా ప్రోస్టాగ్లాండిన్లే. అవి అక్కడి నరాల కొనలను సున్నితం చేస్తాయి. మామూలుగా నొప్పి అనిపించని ఒత్తిడి కూడా అప్పుడు నొప్పిగా తోస్తుంది. జ్వరానికీ ఒళ్లునొప్పులకూ ఒకే మందు వాడటం వెనుక ఉన్న కారణం ఇదే. ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపితే మెదడులో అంకె దిగుతుంది, కీలులో సలుపు తగ్గుతుంది. విల్లో ఈ కోవలోకే వస్తుంది. నల్లమందు, మిరప, లవంగం నొప్పిని తగ్గించే దారులు వేరు.

విల్లో నుంచి ఆస్పిరిన్ దాకా, నడుమ ఒక తేడా

1828లో మ్యూనిక్‌లో యోహాన్ బుఖ్నర్ విల్లో బెరడు నుంచి పసుపు రంగులో చేదు పదార్థాన్ని తీసి సాలిసిన్ అని పేరు పెట్టాడు. పదేళ్ల తర్వాత రఫాయెలె పిరియా దాని నుంచి సాలిసిలిక్ ఆమ్లం తయారు చేశాడు. స్కాట్లండ్ వైద్యుడు థామస్ మాక్లగన్ 1876లో కీళ్లవాత జ్వరానికి సాలిసిన్ ఇచ్చి, జ్వరమూ కీళ్లనొప్పులూ తగ్గాయని ప్రకటించాడు. ముందు తన మీదే మోతాదు ప్రయోగించి చూసుకున్న మనిషి ఆయన. గమ్మత్తు ఏమిటంటే, విల్లోను ఎంచుకోవడానికి ఆయన చెప్పిన కారణం కూడా స్టోన్ చెప్పిన తేమ నేల తర్కమే. తప్పు దారిలో నడిచి సరైన ఇల్లు చేరిన రెండో మనిషి.

అప్పటికే సాలిసిలిక్ ఆమ్లాన్ని కర్మాగారాల్లో రసాయన పద్ధతిలో చౌకగా తయారు చేస్తున్నారు. అది పనిచేసేది గాని కడుపును మండించేది, వాంతులయ్యేవి. 1897లో బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దానికి ఎసిటైల్ అనే చిన్న పరమాణువుల గుంపును జోడించాడు. ఆ ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లానికే 1899లో ఆస్పిరిన్ అని పేరు పెట్టారు. ఆలోచన తనదేనని అదే కంపెనీలో పనిచేసిన ఆర్థర్ ఐఖెన్‌గ్రూన్ తర్వాత వాదించాడు, ఆ వివాదం ఇప్పటికీ నడుస్తోంది. ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో మాత్రం మరో డెబ్బై ఏళ్లు ఎవరికీ తెలియలేదు. అది ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపుతుందని జాన్ వేన్ 1971లో చూపించాడు. 1982లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

‘ఆస్పిరిన్ విల్లో చెట్టు నుంచే వచ్చింది కదా, అలాంటప్పుడు మాత్ర ఎందుకు, బెరడే తాగొచ్చు’ అనే మాట తరచుగా వినబడుతుంది. విల్లో బెరడులో ఆస్పిరిన్ లేదు. ఉన్నది సాలిసిన్. అది పేగులు, కాలేయం దాటుతూ సాలిసిలిక్ ఆమ్లంగా మారుతుంది. ఎసిటైల్ గుంపు మనిషి తగిలించినది. ఆస్పిరిన్‌కున్న ఒక ప్రత్యేక శక్తి ఆ గుంపు వల్లే వచ్చింది. అది రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే రక్త ఫలకికల్లోని (ప్లేట్‌లెట్లలోని) సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైముకు అతుక్కుని, ఆ ఫలకిక బతికినన్నాళ్లూ దాన్ని పనికిరాకుండా చేస్తుంది. గుండెపోటు మళ్లీ రాకుండా రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇచ్చేది అందుకే. ఆ పని విల్లో కషాయం చేయదు. గుండె కోసం రాసిచ్చిన ఆస్పిరిన్ మానేసి బెరడు తాగేవారు తెలియకుండానే ప్రమాదం కొనితెచ్చుకుంటున్నట్టు.

మరి నొప్పికి? ఇక్కడ కథ ఆసక్తికరంగా మలుపు తిరుగుతుంది. విల్లో బెరడు సారం మీద నడుమునొప్పి రోగుల్లో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి. 210 మంది పాల్గొన్నారు. రోజుకు 240 మిల్లీగ్రాముల సాలిసిన్ అందినవారిలో 39 శాతం మంది నాలుగో వారానికి నొప్పి లేకుండా ఉన్నారు. 120 మిల్లీగ్రాములు అందినవారిలో 21 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 6 శాతం. మోతాదు పెరిగే కొద్దీ ఫలితం పెరిగింది కనుక ఇది వట్టి నమ్మకం వల్ల వచ్చింది కాదు. అయితే 240 మిల్లీగ్రాముల సాలిసిన్ వల్ల రక్తంలో చేరే సాలిసిలేట్‌ను, అంటే సాలిసిలిక్ ఆమ్లపు రూపాన్ని, కొలిస్తే, అది 87 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌తో సమానమని మరో అధ్యయనంలో తేలింది. నొప్పి తగ్గడానికి ఆస్పిరిన్ సాధారణంగా 300 మిల్లీగ్రాములకు పైనే కావాలి. అంటే బెరడు చేసిన మేలు సాలిసిన్ ఒక్కదాని వల్ల కాకపోవచ్చు. బెరడులోని పాలీఫీనాళ్ల వంటి ఇతర పదార్థాలకూ పాత్ర ఉండవచ్చని పరిశోధకులు భావిస్తున్నారు. మొత్తం మొక్కలోని పదార్థాలన్నీ కలిసి పనిచేస్తాయని సంప్రదాయ వైద్యులు చెప్పే మాటకు ఇక్కడ కొంత బలం ఉందని ఒప్పుకోవాలి. కానీ అదే మాటను పట్టుకుని ఏ మొక్కకైనా ఏ గుణమైనా అంటగట్టడం వేరే సంగతి.

ఆ పరీక్షలో వాడింది సాలిసిన్ ఎంత ఉందో కొలిచి తయారు చేసిన సారం. చెట్టు మీంచి వలిచిన బెరడులో అది ఎంతుంటుందో చూసి చెప్పలేం. విల్లో జాతులు వందల్లో ఉన్నాయి. కొన్నింటి బెరడులో ఒక శాతమే ఉంటుంది, కొన్నింటిలో దానికి ఎన్నో రెట్లు. ఋతువును బట్టి, కొమ్మ వయసును బట్టి కూడా మారుతుంది. ఒకే కొలత పొడితో ఇద్దరు కషాయం కాచుకుంటే ఒకరికి మందు, మరొకరికి వట్టి చేదునీళ్లు దక్కవచ్చు.

ఇక్కడొక పిట్టకథ. ఈ సాలిసిలిక్ ఆమ్లాన్ని మొక్కలు మనకోసం తయారు చేయడం లేదు. తెగుళ్లు సోకినప్పుడు మిగతా ఆకులను హెచ్చరించే సంకేతంగా దాన్ని వాడుకుంటాయి. ఆరమ్ లిల్లీ కోవకు చెందిన ఒక మొక్క పూసే వేళ తన పూలగుత్తిని చుట్టూ ఉన్న గాలికన్నా పది డిగ్రీలకు పైగా వేడెక్కిస్తుంది. ఆ వేడితో కుళ్లిన వాసనను వెదజల్లి ఈగలను రప్పించుకుంటుంది. ఆ వేడిని రగిలించే సంకేతం ఏమిటా అని వెతికితే 1987లో దొరికింది సాలిసిలిక్ ఆమ్లమే. మన జ్వరం దించే పదార్థం ఆ పువ్వుకు జ్వరం తెప్పిస్తుంది!

చేదంతా మందు కాదు

చేదుగా ఉన్నది జ్వరాన్ని దించుతుందనే నమ్మకం స్టోన్‌తో పుట్టలేదు, ఆయనతో పోలేదు. దానికి ఆధారం లేకపోలేదు. పురుగులూ పశువులూ తినకుండా మొక్కలు తయారు చేసుకునే ఆల్కలాయిడ్లు చాలావరకు చేదే, వాటిలో కొన్ని మన ఒంట్లోనూ బలంగా పనిచేస్తాయి. అయితే బలంగా పనిచేయడమంటే మేలు చేయడమే కానక్కర్లేదు. చేదు మొక్క పంపే హెచ్చరిక. దాన్ని కొన్నిసార్లు ఉపయోగించుకోగలిగాం, అంతవరకే.

వత్సనాభి దుంప దీనికి భయంకరమైన ఉదాహరణ. కీళ్లనొప్పులకూ నరాల నొప్పులకూ ఆసియా వైద్యాలు దాన్ని శతాబ్దాలుగా వాడాయి. అందులోని అకోనిటైన్ నరాలను, గుండెను నేరుగా పట్టుకుంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే అకోనిటైన్ చాలావరకు విరిగి, తక్కువ విషమున్న రూపాల్లోకి మారుతుంది. పాత వైద్యులు శుద్ధి పేరుతో చేసిన ప్రక్రియలో రసాయన శాస్త్రం ఉంది. ఆ శుద్ధి సరిగా జరగకపోతే గుండె లయ తప్పి మనిషి చనిపోతాడు, ఇప్పటికీ చనిపోతున్నారు. దీనికి విరుగుడు కూడా లేదు.

కోల్చిసిన్ కథ కొంత నయం. శరదృతువులో పూసే కోల్చికమ్ మొక్కలోనూ, అడవినాభి దుంపలోనూ ఉండే ఈ పదార్థం గౌట్ అనే కీళ్లవాపు నొప్పిని బాగా తగ్గిస్తుంది. మందు మోతాదుకూ విషం మోతాదుకూ నడుమ ఎడం చాలా తక్కువ. పూర్వం రోగికి విరేచనాలు పట్టుకునేదాకా గంట గంటకూ ఇచ్చేవారు. 1.8 మిల్లీగ్రాములు ఇచ్చినా 4.8 మిల్లీగ్రాములు ఇచ్చినా నొప్పి ఒకేలా తగ్గుతుందని, తక్కువ మోతాదులో విరేచనాల బాధ బాగా తగ్గుతుందని 2010లో ప్రచురితమైన ఒక పరీక్ష చూపింది. దుంపను అరగదీసి తాగేవారికి 1.8కీ 4.8కీ తేడా ఎలా తెలుస్తుంది?

నల్లమందు కూడా ఇదే పాఠం చెబుతుంది. గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలు నొప్పిని ఆపుతాయని వేల ఏళ్లుగా తెలుసు. కానీ ఒక ముద్దలో ఉన్నంత బలం మరో ముద్దలో ఉండదు. నిన్నటి కొలతతో నొప్పి తగ్గని మనిషికి ఇవాళ్టి కొలతతో ఊపిరి ఆగిపోవచ్చు. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రెడరిక్ సెర్ట్యూర్నర్ అనే జర్మన్ యువకుడు మందుల దుకాణంలో పనిచేస్తూ నల్లమందు నుంచి మార్ఫిన్‌ను వేరుచేశాడు. దాన్ని తన మీదా, మరో ముగ్గురు కుర్రాళ్ల మీదా ప్రయోగించి, అందరికీ ప్రాణం మీదికి తెచ్చాడు. మొక్క నుంచి ఒక ఆల్కలాయిడ్‌ను వేరుచేసిన మొదటి సందర్భం అదే. మొక్కలోని పదార్థాన్ని వేరుచేయడాన్ని ‘సహజత్వాన్ని చంపడం’గా తిట్టేవారు ఉన్నారు. వేరుచేయడం వల్ల దొరికింది ముఖ్యంగా కొలత. నొప్పి మందులో కొలత కన్నా విలువైనది నాకు కనిపించదు.

చర్మం మీద పనిచేసేవి

నమ్మకంగా చెప్పగలిగిన మొక్కల మందులు కొన్ని పైపూతల్లోనే ఉన్నాయి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ చర్మంలోని నరాల కొనల్లో ఉండే ఒక గ్రాహకానికి, అంటే సంకేతాన్ని పసిగట్టే ప్రొటీన్‌కు, అంటుకుంటుంది. అదే గ్రాహకం దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికీ స్పందిస్తుంది. అందుకే మిరప నిజంగా కాల్చకపోయినా కాలినట్టే అనిపిస్తుంది. డేవిడ్ జూలియస్ బృందం ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించింది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. క్యాప్సైసిన్ ఎక్కువ మోతాదులో తగిలితే ఆ నరాల కొనలు మొదట మండి, తర్వాత కొన్నాళ్లు మొద్దుబారతాయి. సర్పి (హెర్పిస్ జోస్టర్) తగ్గాక మిగిలే నరాల నొప్పికి 8 శాతం క్యాప్సైసిన్ పట్టీలను వైద్యులు వాడుతున్నారు. ఒకసారి గంటసేపు అతికిస్తే ఫలితం నెలల పాటు ఉండవచ్చు. ఇది వైద్యుల చేతుల మీదుగా జరగవలసిన పని. మిరపకాయ నూరి రాసుకుంటే మిగిలేది బొబ్బలే.

ఇదే గ్రాహకాన్ని మందులతో పూర్తిగా మూసేస్తే నొప్పులన్నీ పోతాయని కంపెనీలు ఆశపడ్డాయి. మనుషుల మీద పరీక్షించినప్పుడు కొందరికి ఒంటి వేడి 40 డిగ్రీల దాకా పెరిగింది. ఆ గ్రాహకానికి నొప్పితో పాటు ఒంటి వేడి నియంత్రణలోనూ చేయి ఉందని అప్పుడు బాగా తెలిసింది.

పుదీనా జాతి మొక్కల్లోని మెంథాల్ దీనికి ఎదురు. చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకాన్ని అది మీట నొక్కినట్టు తెరుస్తుంది. చర్మం చల్లబడినట్టు అనిపిస్తుంది గాని ఉష్ణమాపకంలో అంకె కదలదు. తలనొప్పికి హాయినిస్తుంది, జ్వరాన్ని దించదు. చిన్నపిల్లల ముక్కు దగ్గర మెంథాల్, కర్పూరం ఉన్న పూతలు రాయకూడదు, ఊపిరి బిగపట్టే ప్రమాదం ఉంది. కర్పూరం కొద్దిగా మింగినా పసిపిల్లలకు మూర్ఛలు వస్తాయి.

లవంగ నూనెలోని యూజినాల్ పంటినొప్పిని తాత్కాలికంగా మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు జింక్ ఆక్సైడ్‌తో కలిపి పుచ్చిన పళ్లలో వాడుతూనే ఉన్నారు. పుచ్చు మాత్రం అలాగే ఉంటుంది. ఇక కీళ్లనొప్పుల పూతల్లో ఘాటైన వాసన ఇచ్చే వింటర్‌గ్రీన్ నూనె గురించి ఒక్క లెక్క చెబితే చాలు. ఆ నూనె దాదాపు మొత్తం మిథైల్ సాలిసిలేటే. ఒక్క టీస్పూను నూనె సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌కు సమానం, అంటే ఇరవైకి పైగా మాత్రలు. పసిపిల్ల చేతికి ఆ సీసా అందితే ప్రాణాంతకం.

పసుపు, అల్లం, నేలవేము

పసుపు మీద ఉన్నంత ప్రచారం మరే మొక్క మీదా లేదు. అందులోని కర్కుమిన్ వాపును పెంచే మార్గాలను పరీక్షనాళికలో బాగానే అడ్డుకుంటుంది. సమస్య రక్తంలోకి చేరడంలో ఉంది. పసుపు పొడిలో కర్కుమిన్ సుమారు 3 శాతమే, దానిలోనూ చాలా కొద్ది భాగమే రక్తానికి అందుతుంది. మిరియాల్లోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే రక్తంలో కర్కుమిన్ ఇరవై రెట్లు పెరిగిందని 1998లో ఒక అధ్యయనం చూపింది. అప్పటినుంచి రెండింటినీ కలిపిన మాత్రలు వెల్లువెత్తాయి. మోకాలి అరుగుదల నొప్పికి కర్కుమిన్ సారాలు ఓ మోస్తరుగా పనిచేస్తాయని చిన్న చిన్న పరీక్షలు చెబుతున్నాయి. జ్వరానికి పనిచేస్తుందని చెప్పడానికి అలాంటి ఆధారం లేదు. పైపెరిన్ ఆ పని చేసేది కాలేయం ఆ పదార్థాన్ని వదిలించుకోకుండా అడ్డుపడి. అది మిగతా మందులకూ అడ్డుపడుతుంది. బాగా ఒంటబట్టేలా తయారు చేసిన కర్కుమిన్ మాత్రలు వచ్చాక, కాలేయం దెబ్బతిన్న కేసులూ పెరిగాయి. ఒక ప్రత్యేక జన్యురూపం ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. ఒంటికి అందని పదార్థం హాని చేయలేదు, అందడం మొదలుపెట్టాక మేలూ హానీ రెండూ చేయడం మొదలుపెట్టింది.

తిప్పతీగ విషయంలోనూ ఇంతే. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసం విపరీతంగా వాడినవారిలో కొందరికి కామెర్లు వచ్చాయి. కాలేయం మీద శరీరమే దాడి చేసే తరహా హెపటైటిస్ అది. మానేశాక చాలామంది కోలుకున్నారు.

అల్లం పొడి నెలసరి నొప్పిని తగ్గిస్తుందని పలు చిన్న పరీక్షల్లో కనిపించింది. నెలసరి మొదటి మూడు నాలుగు రోజులు, రోజుకు 750 నుంచి 2000 మిల్లీగ్రాముల దాకా వాడారు. ప్రోస్టాగ్లాండిన్ తయారీకి అల్లం కూడా కొంత అడ్డుపడుతుంది కనుక ఇది నమ్మదగినదిగానే ఉంది.

నాకు అన్నింటికన్నా నచ్చిన పరీక్ష నేలవేము మీద జరిగింది. 1991లో థాయిలాండ్ పరిశోధకులు గొంతు వాపు, జ్వరం ఉన్న 152 మంది పెద్దలను మూడు గుంపులు చేశారు. ఒకరికి పారాసిటమాల్, ఒకరికి రోజుకు 3 గ్రాముల నేలవేము, మరొకరికి 6 గ్రాములు. మూడో రోజుకు 6 గ్రాములు తీసుకున్నవారికీ పారాసిటమాల్ తీసుకున్నవారికీ జ్వరం, గొంతునొప్పి బాగా తగ్గాయి. 3 గ్రాములవారు వెనకబడ్డారు. ఏడో రోజుకు మూడు గుంపుల మధ్యా తేడా లేదు.

ఈ ఒక్క పరీక్షలో మూడు సంగతులు బయటపడ్డాయి. నేలవేములో ఏదో గుణం ఉన్నట్టుంది. మోతాదు సగమైతే ఆ గుణం కనిపించదు. ఏం తాగినా, ఏం మింగినా ఏడో రోజుకు జ్వరం ఎలాగూ పోతుంది. సాధారణ వైరల్ జ్వరాలు మూడు నుంచి ఏడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. మనం కషాయం ఎప్పుడు మొదలుపెడతాం? మొదటి రోజు ఊరుకుని, రెండో రోజు ఏదో మాత్ర వేసుకుని, జ్వరం ముదిరిన మూడో రోజున. నాలుగో రోజు జ్వరం దిగుతుంది, పేరు కషాయానికి వస్తుంది. దీర్ఘకాలపు నొప్పుల్లోనూ అంతే. భరించలేనంత పెరిగినప్పుడే కొత్త మందు కోసం వెతుకుతాం, పెరిగిన నొప్పి సహజంగానే కొంత దిగుతుంది. అనుభవంలో చూశామని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు. పోల్చి చూసే రెండో గుంపు వారి దగ్గర లేదు, అంతే.

కాచితే పోయిన మందు

వియత్నాం యుద్ధ కాలంలో మలేరియాకు కొత్త మందు కోసం చైనా ప్రభుత్వం 1967లో రహస్య పరిశోధన మొదలుపెట్టింది. అందులో పనిచేసిన తూ యూయూ ఛింగ్‌హావ్ అనే మొక్కను పరీక్షించినప్పుడు ఫలితాలు ఒకసారి వచ్చి, మరోసారి రాలేదు. నాలుగో శతాబ్దంలో గె హోంగ్ రాసిన వైద్య గ్రంథంలో ఒక వాక్యం ఆమె కంటబడింది. పిడికెడు ఛింగ్‌హావ్‌ను నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని అందులో ఉంది. కాచమని లేదు. వేడికి మందు చెడిపోతోందేమోనని ఆమెకు తట్టింది. దాదాపు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో పరాన్నజీవులను పూర్తిగా తుడిచిపెట్టింది. ఆ మొక్కలోని ఆర్టెమిసినిన్, దాని నుంచి తయారైన మందులు ఇవాళ మలేరియాకు ప్రపంచమంతటా ప్రధాన చికిత్స. తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది.

ఈ కథను సంప్రదాయ వైద్యం గెలుపుగా కొందరు, ఆధునిక విజ్ఞానం గెలుపుగా మరికొందరు చెప్పుకుంటారు. ఆ వాక్యం లేకపోతే ఆ మందు అప్పుడు దొరికేది కాదు. ఈథర్, ఎలుకలు, లెక్కలు లేకపోతే ఆ వాక్యం వేల వాక్యాల మధ్య పడి ఉండేది. అయితే ఆ మొక్క ఆకులతో టీ కాచుకుని తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. కప్పులో చేరే ఆర్టెమిసినిన్ తక్కువ, ఎంతుందో చెప్పలేం. చాలీచాలని మోతాదు పరాన్నజీవిని చంపకుండా, మందుకు లొంగని రకాలను పెంచి పోషిస్తుంది. జ్వరం రెండు రోజులు దిగి, తిరిగి వచ్చినప్పుడు రోగి ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యమవుతుంది.

ఎవరు దూరంగా ఉండాలి?

పిల్లల జ్వరానికి విల్లో గాని, సాలిసిలేట్లు ఉన్న మరే మొక్క గాని వాడకూడదు. ఫ్లూ, ఆటలమ్మ వంటి వైరల్ జ్వరాల్లో ఆస్పిరిన్ తీసుకున్న పిల్లలకు మెదడు, కాలేయం దెబ్బతినే రేయి సిండ్రోమ్ వచ్చేది. అమెరికాలో 1980లో 555 కేసులు నమోదయ్యాయి. ఆస్పిరిన్ ఇవ్వవద్దని హెచ్చరికలు వచ్చాక, 1994 నుంచి ఏడాదికి రెండుకు మించలేదు. విల్లో బెరడు మీద నేరుగా అలాంటి లెక్కలు లేకపోయినా, ఒంట్లో తయారయ్యేది అదే సాలిసిలిక్ ఆమ్లం కనుక పందెం కాయడం అనవసరం. డెంగీ అనుమానం ఉన్నప్పుడు కూడా ఇదే నియమం, రక్తస్రావం ప్రమాదం వల్ల. బొప్పాయి ఆకు రసంతో ఫలకికల సంఖ్య కొంత పెరిగిందని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి. అది జ్వరానికి మందు కాదు, ప్రాణాపాయాన్ని తప్పిస్తుందనీ తేలలేదు. రక్తం పలచబడే మందులు వాడేవారు, శస్త్రచికిత్సకు వెళ్లబోయేవారు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తాము వాడే ఆకుమందుల పేర్లు వైద్యుడికి చెప్పాలి. ‘ఆకులే కదా’ అని దాచేది సరిగ్గా ఇక్కడే.

పేర్ల గందరగోళం మరో ప్రమాదం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మందు తీసుకున్న సుమారు వందమంది స్త్రీలకు మూత్రపిండాలు పాడయ్యాయి. ఒక చైనా మూలికకు బదులు, పేరు దగ్గరగా ఉన్న ఈశ్వరి తీగ కుటుంబపు మొక్కను అందులో కలిపారు. ఆ మొక్కల్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను ఎండగట్టి, తర్వాత క్యాన్సర్ కూడా తెస్తుంది. ఈ కుటుంబపు మొక్కలను నొప్పులకూ జ్వరాలకూ చాలా దేశాల్లో వాడారు. తాతముత్తాతల నుంచి వాడుతున్నాం, ఏమీ కాలేదనే మాట ఇక్కడ నిలవదు. పదేళ్ల తర్వాత వచ్చిన మూత్రపిండ జబ్బును ఎప్పుడో తాగిన వేరు రసంతో ముడిపెట్టి చూసేదెవరు?

చివరగా, కీళ్లనొప్పులకు మొదటి రోజే అద్భుతంగా పనిచేసే పేరులేని పొడులు, గుళికలు. మొక్కల మందులు సాధారణంగా మెల్లగా, ఓ మోస్తరుగా పనిచేస్తాయి. విల్లో పరీక్షలో కూడా నాలుగు వారాలు చూశారు. ఏళ్లనాటి నొప్పి ఒక్క పూటలో మాయమైతే అందులో మొక్క కన్నా డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడో, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందో ఉండే అవకాశం ఎక్కువ. అనేక దేశాల్లో ఔషధ నియంత్రణ అధికారులు ఇలాంటి పొడులను పరీక్షించి అవే పట్టుకున్నారు. నెలల తరబడి వాడినవారికి ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. సంగతి తెలిసి ఒక్కసారిగా మానేస్తే మరో ప్రమాదం. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నంత కాలం ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి, హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. అలాంటి పొడి వాడుతున్నట్టు అనుమానం వస్తే, డబ్బాతో సహా వైద్యుడి దగ్గరకు వెళ్లి, ఆయన చెప్పిన పద్ధతిలో మెల్లగా తగ్గించుకుంటూ మానాలి.